స్పెల్ చెకా, నిఘంటువా: ఇంగ్లీషు తప్పులకు ఏది మేలు?

కోనసీమ కొబ్బరి పీచు, కడియం మొక్కలు, భీమవరం రొయ్యలు అమ్మేవారు ఇప్పుడు సరుకు వివరాలను ఆన్‌లైన్‌లో ఇంగ్లీషులో పెడుతున్నారు. ఆ రాతను సరిచూసుకోవడానికి చాలామంది నమ్ముకునేది ఫోనులోని స్పెల్ చెక్‌నే; అదే ఫోనులో ఉచితంగా దొరికే నిఘంటువును తెరిచేవారు అరుదు.

వేలు జారి పడిన తప్పును పట్టడంలో స్పెల్ చెక్‌కు సాటి లేదు. అయితే అది ముఖ్యంగా చూసేది ఆ మాట భాషలో ఉందా అన్నదే కాబట్టి, ఒక సరైన మాట ఉండవలసిన చోట మరో సరైన మాట పడితే చాలాసార్లు ఊరుకుంటుంది. పీచుకు ఇంగ్లీషు మాట అయిన కాయిర్‌లో ‘సి’ పక్కన ఒక ‘హెచ్’ చేరిందంటే అది చర్చిలో పాడే బృందమవుతుంది. కొనవచ్చినవారు నవ్వుకోవచ్చు గానీ ఎర్ర గీత మాత్రం పడకపోవచ్చు.

మనవారి తప్పుల్లో మొండివి చెవి వల్ల వచ్చేవి. తెలుగును పలికినట్టే రాసే అలవాటుతో ఇంగ్లీషునూ విన్నట్టే రాస్తాం. పోగొట్టుకోవడమనే అర్థంలో లూజ్‌కు ఒకటే ‘ఓ’, వదులు అనే అర్థంలో లూస్‌కు రెండు. సలహా అనే నామవాచకం అడ్వైస్‌లో ‘సి’, క్రియ అడ్వైజ్‌లో ‘ఎస్’. ఈ జంటలను విడదీసే చివరి ‘జెడ్’ ధ్వనికి తెలుగులో సరైన అక్షరమే లేదు (ఇక్కడ ‘జ’తో సరిపెట్టుకున్నాం) గనుక చెవిని నమ్మి లాభం లేదు. డిస్కస్ తరువాత అక్కర్లేని అబౌట్ చేర్చి ‘డిస్కస్ అబౌట్’ అనడం మరో రకం: ‘గురించి చర్చించడం’ అనే మన వాక్యమే అక్కడ వేషం మార్చుకుంది.

ఇలాంటి చోట్ల నిఘంటువే మేలు, అదీ నేర్చుకునేవారి కోసం కూర్చినది. జపాన్‌లో ఇంగ్లీషు బోధించిన హార్న్‌బీ విద్యార్థుల కోసం రూపొందించిన నిఘంటువును ఆక్స్‌ఫర్డ్ 1948లో ప్రచురించింది. ఏ క్రియ తరువాత ఏ మాట రావాలో అటువంటివి ఉదాహరణ వాక్యాలతో చూపుతాయి. పైగా ఫోను అమెరికా ఇంగ్లీషుకు అమర్చి ఉంటే, మన బడుల్లో నేర్పిన బ్రిటిష్ వర్ణక్రమాన్ని, అంటే ‘ఆర్, ఈ’తో ముగిసే ఫైబర్‌ను కూడా తప్పంటుంది, నిఘంటువైతే రెండూ చెల్లుతాయని చెబుతుంది.

నిఘంటువు నెమ్మది, నిజమే. కనుక ధర, బరువు, షరతులు చెప్పే వాక్యాల వరకైనా దానిలో చూసుకుని, మిగిలినది ఫోనుకు వదిలేయవచ్చు.