మంట లేకుండా వేడి: పట్టేసిన నట్లపై చేతి ఇండక్షన్ హీటర్

పాత వాహనాల కింద పని చేసేవారిని పట్టేసిన నట్టు కంటే ఎక్కువగా భయపెట్టేది, దాన్ని విప్పడానికి వెలిగించవలసిన గ్యాస్ టార్చి. నట్టు వేడెక్కేలోపే పక్కనున్న కీలును కప్పే రబ్బరు బూటు కరుగుతుంది, వైరు తొడుగు మాడుతుంది, చాసిస్‌కు పూసిన పూత అంటుకుంటుంది. ఇంధన గొట్టం దగ్గర్లో ఉంటే టార్చి ఊసే ఎత్తకూడదు. చేతిలో పట్టుకునే ఇండక్షన్ హీటర్‌ను కొన్నేళ్లుగా వాడుతున్న నాకు దాని మీద ఏర్పడిన అభిమానమంతా ఒక్క గుణం వల్లనే: వేడి నట్టులోనే పుడుతుంది. వాట్లు, బరువు, పెట్టెలో వచ్చే కాయిళ్ల (నట్టు చుట్టూ తొడిగే రాగి తీగ చుట్టల) కొలతలు ఎక్కడైనా దొరుకుతాయి కనుక వాటి జోలికి పోవడం లేదు.

ఈ పరికరం విలువ నాకు పూర్తిగా తెలిసింది ఇంజిన్ పొగను పోగుచేసే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు కింది గొట్టం కలిసే ఫ్లాంజ్ (నట్లతో బిగించే అంచు) దగ్గర. అక్కడి నట్లు ఏళ్ల తరబడి వేడికీ నీటికీ గురై, తుప్పు పొరలు పొరలుగా రాలిపోయి, పలకలన్నీ అరిగిపోయి ఉన్నాయి. వాటి అసలు సైజు సాకెట్ వదులుగా తిరిగిపోతుంటే, ఒక సైజు తక్కువ సాకెట్‌ను సుత్తితో కొట్టి దించితే తప్ప పట్టు దొరకలేదు. తుప్పు వదిలించే నూనెలో రాత్రంతా నాననిచ్చినా కదలిక లేదు. బ్రేకర్ బార్‌పై (సాకెట్‌ను తిప్పే పొడవాటి కడ్డీపై) బరువు వేసినప్పుడు నట్టు తిరగకుండానే బార్ మెల్లగా లొంగుతున్నట్టు అనిపించింది. అంటే లోపల స్టడ్ (నట్టు ఎక్కే, తలలేని మరల కడ్డీ) మెలిపడుతోందన్నమాట. ఆ లొంగుబాటు చేతికి తెలిశాక ఇంకా లాగితే స్టడ్ తెగుతుంది, తెగిన ముక్కను డ్రిల్ చేసి తీయడానికి చోటు చాలకపోతే మానిఫోల్డ్ మొత్తాన్ని దించవలసి వస్తుంది. సరిగ్గా ఆ నట్టుకు నాలుగు వేళ్ల దూరంలో ఆక్సిజన్ సెన్సార్ వైరు, దాని ప్లాస్టిక్ కనెక్టర్ ఉన్నాయి.

నూనెను గుడ్డతో శుభ్రంగా తుడిచిన తరువాతే కాయిల్‌ను నట్టు చుట్టూ తొడిగాను. (ఇక్కడ జిడ్డు కడిగే బ్రేక్ క్లీనర్ స్ప్రే వాడకూడదు, క్లోరిన్ ఉన్న రకం ఎర్రగా కాలిన లోహానికి తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టే ప్రమాదం ఉంది.) మీట నొక్కగానే సన్నని రొద మొదలైంది, మరలలో మిగిలిన నూనె పొగగా లేచింది, అర నిమిషం గడవకముందే నట్టు ముదురు ఎరుపుకు తిరిగింది. కాయిల్ తీసి సాకెట్ పెట్టి లాగితే ఒక్కసారి కిర్రుమని, ఆ తరువాత ఏ పేచీ లేకుండా చివరిదాకా వచ్చేసింది. వెంటనే పక్కనున్న కనెక్టర్‌ను వేలితో తాకి చూశాను. అది మెత్తబడలేదు సరికదా, వేడి కూడా ఎక్కలేదు.

ఇందులో మాయ ఏమీ లేదు. కాయిల్‌లో అతివేగంగా దిశ మారే విద్యుత్తు ప్రవహించినప్పుడు దాని నడుమ ఉన్న ఉక్కులో సుడి ప్రవాహాలు పుడతాయి; అవి ఎక్కువగా పైపొరలోనే తిరుగుతాయి కనుక ముందు నట్టు వేడెక్కుతుంది, లోపలి స్టడ్ వెనకబడుతుంది. 10 మిల్లీమీటర్ల మర ఉన్న నట్టు తన స్టడ్ కంటే 300 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే, దాని రంధ్రం సుమారు 0.036 మిల్లీమీటర్ల మేర పెరుగుతుంది. ఆ కాస్త సందు తుప్పు పట్టును విడగొట్టడానికి చాలు. గట్టి రకం థ్రెడ్ లాకర్ (మరలు వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) పూసిన బోల్టులకైతే ఇంత వేడి కూడా అక్కరలేదు. అది దాదాపు 250 డిగ్రీల దగ్గరే పట్టు వదులుతుంది.

అయితే ఈ మెప్పు నట్టుకు వర్తించినంతగా బోల్టుకు వర్తించదు. అల్యూమినియం కేసింగ్‌లో ఇరుక్కున్న ఉక్కు బోల్టు తలను వేడి చేస్తే బోల్టే ముందు వ్యాకోచించి రంధ్రంలో మరింత బిగుసుకుంటుంది. అక్కడ వేడి మీద తిప్పకుండా పూర్తిగా చల్లారనిచ్చి, కుంచించుకున్నాక తిప్పాలి. ఒక్కోసారి ఈ క్రమాన్ని మళ్లీ మళ్లీ చేయాలి. ఈ పద్ధతిలో వాటర్ పంపు బోల్టులు చాలావరకు వచ్చాయి, కానీ అన్నీ రాలేదు. సస్పెన్షన్ ఆర్మ్ బుష్ (కుదుపును తగ్గించే రబ్బరు కీలు)‌లోని ఇనుప గొట్టానికి పొడవునా తుప్పుతో అతుక్కుపోయిన బోల్టు విషయంలో ఈ పరికరం దాదాపు నిరుపయోగం. తల ఎర్రబడినా ఆ వేడి మధ్యభాగం దాకా చేరదు, చేరేంతసేపు ఉంచితే బుష్ రబ్బరు పాడవుతుంది. అక్కడ చివరికి రంపపు బ్లేడే దిక్కయింది.

కాయిల్ గురించి అమ్మేవారు తక్కువ చెబుతారు. ఎర్రబడిన నట్టుకు ఆనుకుని ఉన్న ప్రతిసారీ దాని పై అల్లిక తొడుగు కొంత మాడుతుంది, మాడిన చోట రాగి బయటపడుతుంది, ఆ రాగి లోహానికి తగిలితే నా పరికరం రక్షణ కోసం తనంతట తానే ఆగిపోతుంది. కాబట్టి కాయిల్‌ను హాక్‌సా బ్లేడులాగా అరిగిపోయే వస్తువుగానే లెక్కవేయాలి. సన్నని, పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరుతో నడిపితే వోల్టేజి పడిపోయి వేడి మందగిస్తుందని కూడా గమనించాను. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు మాత్రం దీన్ని వాడకూడదు, నడుస్తున్నప్పుడు దగ్గరకు కూడా రాకూడదు.

నట్టును ఎర్రగా కాల్చి చూపించే వీడియోల పట్ల నాకు అభ్యంతరం ఉంది. తలపై బలాన్ని తెలిపే 8.8, 10.9 గుర్తులున్న బోల్టులకు తయారీలో ఇచ్చిన గట్టిదనం 425 డిగ్రీలు దాటితే తగ్గడం మొదలవుతుంది, ఉక్కు ఎర్రగా కనిపించేసరికి ఆ హద్దు దాటిపోయి ఉంటుంది. ఫ్లాంజ్ నట్టును ఎలాగూ పారేస్తాం కనుక అక్కడ ఎరుపు వచ్చినా నష్టం లేదు. బ్రేకు, స్టీరింగ్, సస్పెన్షన్ బోల్టులను మాత్రం ఒకసారి ఇలా వేడి చేశాక తిరిగి బిగించకుండా కొత్తవి వేయడమే నా పద్ధతి.

నేను వాడేది కరెంటు అందుబాటులో ఉన్న షెడ్డులో, అదీ తుప్పు బాగా పట్టిన పాత బండ్ల మీద. ఎగ్జాస్ట్, ఆక్సిజన్ సెన్సార్, థ్రెడ్ లాకర్ పూసిన కాలిపర్ బోల్టులు తరచుగా ఎదురయ్యేవారికి ఇది కొనదగినదే. ఏడాదికోసారి చక్రాలు విప్పి బ్రేకు ప్యాడ్లు మార్చుకునేవారికి మంచి ఆరు మూలల సాకెట్లు, పొడవైన బ్రేకర్ బార్, నూనె నానేదాకా ఆగే ఓపిక ఉంటే చాలావరకు పని గడిచిపోతుంది. కొనదలచినవారు నట్టు సైజులకు తగిన గట్టి కాయిళ్లతోపాటు, ఎలాగైనా వంచుకోగల తాడు రకం కాయిల్ కూడా దొరుకుతుందో లేదో ముందే చూసుకోవడం మంచిది. ఇరుకైన మూలల్లో నాకు ఎక్కువగా పనికొచ్చింది ఆ రకమే.