ఎదిగిన కుక్క ఉన్న ఇంట్లో ఎంజైము ద్రావణం ఏ మేరకు పనికొస్తుంది?

కుక్క మూత్రపు మరకలకూ వాసనకూ విరుగుడుగా అమ్ముతున్న ఎంజైము ద్రావణాన్ని నెల్లూరులోని మా ఇంట్లో ఎండాకాలం మొదలుకొని ఈశాన్య రుతుపవనాల వానలు వెనకపట్టేదాకా వాడాము. పిల్లగా తెచ్చుకొని పెంచిన కుక్క కోసం కాక, పూర్తిగా ఎదిగిన తరువాత ఇంటికి చేరి, గదుల్లోనే మూత్రం పోస్తున్న కుక్క కోసం దీన్ని కొన్నాము కనుక, అటువంటి కుక్కతో ఇబ్బంది పడుతున్నవారిని దృష్టిలో పెట్టుకొని ఈ సమీక్ష రాస్తున్నాను. ఫలానా కంపెనీ సీసా అని కాక ఈ తరహా సరుకు మొత్తాన్నీ పరిశీలిస్తున్నాను. పెట్టిన డబ్బుకు ఇది తగిన పనే చేస్తుంది, కానీ కుక్కకు ఏమీ నేర్పదు. నేలలో మిగిలిపోయిన పాత గుర్తును తీసివేసి, మనం నేర్పదలచిన దానికి ఉన్న అడ్డును మాత్రం తొలగిస్తుంది. ఈ తేడా తెలియక కొన్నవారే ఎక్కువగా నిరాశపడుతున్నారని నా అభిప్రాయం.

మా చుక్క ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల మీద కాపలా కుక్కగా పెరిగిన నాటు ఆడకుక్క. మా మరిది గుంటల కౌలు ముగించుకున్నాక దాన్ని వదిలేయడానికి ఎవరికీ మనసొప్పక మా ఇంటికి తెచ్చుకున్నాము. మట్టి గట్ల మీద, గడ్డిలో, ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎక్కడ కావాలంటే అక్కడ పోసుకున్న కుక్కకు ఇల్లు అనేదొకటి ఉంటుందని, దాని లోపల పోయకూడదని తెలిసే వీలే లేదు. అందులోనూ మా ఇంటి చుట్టూ అడుగు జాగా వదలకుండా సిమెంటు చేయించాము, వీధి కూడా సిమెంటు రోడ్డే. చుక్క బయట ఎంతసేపు తిప్పినా వాసనలు చూసుకుంటూ తిరిగి, లోపలికి రాగానే గడప దగ్గరి కొబ్బరి పీచు పట్ట మీద పోసేది. మొండితనమని ఇంట్లోవారు అనుకున్నారు గానీ, అది మొండితనం కాదు. కుక్కలు చిన్నతనంలో పాదాల కింద ఏ రకం నేలకు అలవాటుపడతాయో, విసర్జనకు అటువంటి నేలనే వెతుక్కుంటాయి. మట్టికీ గడ్డికీ అలవాటుపడిన కుక్కకు నున్నని సిమెంటు కంటే మెత్తని పట్టయే తనకు తెలిసిన చోటులా అనిపించింది.

సీసా కొనడానికి ముందు కుక్కను పశువైద్యునికి చూపించడం తప్పనిసరి అని గట్టిగా చెబుతాను. ఎదిగిన కుక్క ఇంట్లో పోయడానికి వెనుక మూత్రనాళపు ఇన్‌ఫెక్షన్, మూత్రాశయంలో రాళ్లు, మధుమేహం, మూత్రపిండాల జబ్బు వంటివి ఉండవచ్చు. ఇన్‌ఫెక్షన్లు ఆడకుక్కలలో మరింత ఎక్కువ. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన ఆడకుక్కలలో కొన్నింటికి ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను తగ్గి, నిద్రలో తమకు తెలియకుండానే మూత్రం కారుతుంది. పడుకొని లేచిన చోట తడి కనిపిస్తే అది అలవాటుకు సంబంధించినది కాదు, సాధారణంగా మందుతో అదుపులోకి వచ్చేది. ముసలి కుక్కలలో మతిమరుపు వంటి స్థితి వచ్చి, నేర్చుకున్నదాన్నే మరచిపోవడం కూడా ఉంటుంది. కుక్క రోజుకు ఎన్ని నీళ్లు తాగుతున్నదో కొలిచి చూడడం మంచి పద్ధతి. కిలో బరువుకు 50–60 మిల్లీలీటర్ల వరకు తాగడం మామూలు, 100 మిల్లీలీటర్లు దాటితే వెంటనే పరీక్ష చేయించాలి. అయితే మన ఎండలలో ఏ కుక్కయినా కొంత ఎక్కువే తాగుతుంది కాబట్టి ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి. పొద్దున పోసే మూత్రాన్ని పొడవు కాడ ఉన్న గరిటెతో పట్టి, శుభ్రమైన సీసాలో పోసి, ఆలస్యం చేయకుండా ఇస్తే పరీక్ష సులువుగా జరిగిపోతుంది. చుక్క పరీక్షలో జబ్బేమీ తేలలేదు కనుక, ఇక నేర్పే పని మాదేనని తెలిసింది.

మన వైపు ఇళ్లలో దీనికి మొదట చేసే వైద్యం ఫినాయిలు. మా ఇంట్లో పని చేసే అమ్మాయి ఒకరోజు విసుగుతో, “అక్కా, మూడు మూతలు పోసి తుడిచినాను, మళ్ళా ఆడనే పోసిందే!” అన్నది. ఆమె శ్రమలో లోపం ఏమీ లేదు. ఫినాయిలు సూక్ష్మక్రిములను చంపుతుంది, తన ఘాటుతో మన ముక్కును కప్పేస్తుంది, కానీ మూత్రంలోని పదార్థాలను విడగొట్టదు. మన ముక్కులో వాసన పట్టే గ్రాహక కణాలు దాదాపు 50–60 లక్షలు ఉంటాయి. కుక్కలో జాతిని బట్టి 10 కోట్లకు పైనుంచి 30 కోట్ల వరకు ఉంటాయంటారు. ఫినాయిలు ఘాటు కింద నిన్నటి మూత్రపు వాసన దానికి స్పష్టంగానే తెలుస్తుంది, ఆ వాసనే దాన్ని మళ్ళీ అక్కడికి రప్పిస్తుంది. పైగా ఫినాయిలు జాతి పదార్థాలలోని ఫినాల్ రసాయనాలు పాదాలకు అంటి, వాటిని కుక్క నాకినప్పుడు హాని చేస్తాయి, పిల్లులకైతే మరీ ప్రమాదం. బ్లీచింగ్ పౌడరు చల్లడం అంతకంటే మంచిది కాదు. మూత్రంలోని యూరియా కుళ్ళి అమోనియాగా మారుతుంది, అమోనియా మీద బ్లీచింగ్ పడితే క్లోరమైన్ అనే ఘాటైన ఆవిరి పుట్టి మనుషుల ఊపిరితిత్తులను కూడా మండిస్తుంది.

ఎంజైము ద్రావణం వేరే దారిలో పని చేస్తుంది. ఇందులో మాంసకృత్తులను, కొవ్వులను, పిండిపదార్థాలను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టే ఎంజైములు ఉంటాయి. చాలా సీసాలలో ఆ ఎంజైములను ఉత్పత్తి చేసే మేలైన బ్యాక్టీరియా కూడా ఉంటుంది. వాసనకు మూలమైన పదార్థాన్నే అవి తినివేయడం వల్ల, మరొక వాసనతో కప్పాల్సిన అవసరం రాదు. సీసాల మీద యూరిక్ ఆమ్లపు స్ఫటికాలను కరిగిస్తుందని పెద్ద అక్షరాలతో వేస్తున్నారు. ఈ మాట కుక్కల విషయంలో అంతగా చెప్పుకోవలసింది కాదు. డాల్మేషియన్ వంటి జాతులను మినహాయిస్తే, కుక్కల శరీరంలో యూరిక్ ఆమ్లం చాలావరకు అల్లాంటాయిన్ అనే, నీళ్లలో సులువుగా కరిగే పదార్థంగా మారిన తరువాతే మూత్రంలోకి వస్తుంది. కనుక ఆ ఒక్క వాక్యం చూసి ఎక్కువ ధర సీసాను ఎంచుకోనక్కరలేదు.

వాడే పద్ధతి మీదనే ఫలితమంతా ఆధారపడి ఉంది కాబట్టి ఈ భాగాన్ని కొంచెం వివరంగా చెబుతాను. తడిని ముందుగా పాత గుడ్డతో అద్ది తీసేయాలి, రుద్దకూడదు. ఆ చోట అంతకుముందు ఫినాయిలు వాడి ఉంటే మంచినీళ్లతో రెండుసార్లు కడగాలి, ఎందుకంటే క్రిములను చంపే మందు ద్రావణంలోని బ్యాక్టీరియాను కూడా చంపుతుంది, ఎంజైములను నిర్వీర్యం చేస్తుంది. మరుగుతున్న నీళ్లు పోసినా అంతే. ఆ తరువాత ద్రావణాన్ని పైపైన చిలకరించి ఊరుకోకుండా, మూత్రం ఎంత లోతుకు ఇంకిందో అంత లోతుకు ఇంకేలా పోసి, కనీసం పావుగంట, పాత మరకలకైతే కొన్ని గంటలపాటు తడిగా ఉంచాలి. వేసవిలో ఫ్యాను కింద నేల నిమిషాలలో ఆరిపోతుంది. అందుకని మేము తడి గుడ్డ కప్పి, దాని మీద ప్లాస్టిక్ కాగితం పరిచి ఉంచేవాళ్ళం. అలా చేసిన చోట్ల వాసన పోయింది, చేయని చోట్ల సగమే పోయింది. వానాకాలంలో శుభ్రం చేసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోవాలి, లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు కుక్క మూత్రం ద్వారా మనుషులకు సోకగలదు.

నేల రకాన్ని బట్టి ఫలితం మారింది. మా ముందుగదిలో చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు ఉన్నది. ఆ రాయి తడిని దాదాపు పీల్చుకోదు గానీ, పలకల మధ్య సిమెంటు అతుకులు పీల్చుకుంటాయి. చుక్క మళ్ళీ మళ్ళీ వాసన చూసింది ఆ అతుకులనే. ద్రావణాన్ని సన్నటి ముక్కు సీసాతో అతుకుల వెంట పోయగానే అక్కడ తేడా కనిపించింది. పెరటి వరండాలో కడప బండలు ఉన్నాయి. అవి సున్నపురాతి జాతివి కనుక వెనిగరు, నిమ్మరసం, బాత్‌రూము యాసిడ్ వంటి పులుపు పదార్థాలు వాటిని తినేస్తాయి. ఇంటి చిట్కాగా అందరూ చెప్పే వెనిగరు అక్కడ పనికిరాదు, ఎంజైము ద్రావణం మాత్రం బండ మెరుపును చెడగొట్టలేదు. పరుపుకు వాడితే పైభాగం బాగుపడింది, లోపలి దూది బాగుపడలేదు. కొబ్బరి పీచు పట్ట మీద ఎంత పోసినా లాభం లేకపోయింది, దాన్ని తీసి పారేయడమే నయం. పాత మరకలు ఎక్కడున్నాయో తెలుసుకోవడానికి అతినీలలోహిత కిరణాల చిన్న టార్చిలైటు కొనుక్కోమని చెబుతాను. రాత్రి దీపాలన్నీ ఆర్పి వెలిగిస్తే ఎండిన మూత్రం పసుపుపచ్చగా మెరుస్తుంది. బీరువా కాళ్ల దగ్గర, తలుపు వెనుక, ఎవరూ అనుకోని చోట్ల మాకు మరకలు కనిపించాయి.

ఈ ద్రావణం దొరికే దుకాణాలలోనే అమ్మే, మూత్రాన్ని పీల్చుకునే ప్యాడ్లను ఎదిగిన నాటు కుక్కకు నేను సిఫారసు చేయను. వాటి లోపలి పొడి మూత్రాన్ని జెల్లుగా గట్టిపరచి బాగానే పట్టి ఉంచుతుంది, లేవలేని ముసలి కుక్కకు, మేడ మీది ఫ్లాటులో ఉండేవారికి అవి మేలు చేస్తాయి. కానీ ఇంటి లోపల మెత్తని గుడ్డ మీద పోయడం సరైనదేనని అవి నేర్పుతాయి. ఆ తరువాత కాళ్లు తుడుచుకునే పట్టకూ ప్యాడుకూ తేడా కుక్కకు ఎలా తెలుస్తుంది? చుక్క అయితే వాటిని చింపి పోగులు పెట్టింది, లోపలి జెల్లు మింగితే కడుపులో అడ్డుపడే ప్రమాదం ఉన్నందున మానేశాము. బయట ఫలానా చోట పోసేలా ఆకర్షించే చుక్కల మందు కూడా వాడి చూశాము, దానివల్ల కనిపించిన ప్రయోజనం ఏమీ లేదు. అంతకంటే ఆ కుక్క మూత్రంతోనే తడిసిన పాత గుడ్డముక్కను బయటి చోట పెడితే చాలు, అది ఖర్చులేని పని.

అసలు మార్పు తెచ్చింది ఇసుక తొట్టి. మెట్ల కింద వానకు తడవని చోట నాలుగు ఇటుకలు అడ్డంగా పేర్చి, పెన్నా ఇసుకలో కొంచెం చెరువుమట్టి కలిపి పోశాము. నిద్ర లేవగానే, తిన్న పావుగంటకు, ఆటయిపోగానే, మిగతా పగటివేళ దాదాపు రెండు గంటలకొకసారి గొలుసు పట్టుకొని అక్కడికే తీసుకువెళ్లాము. ఎదిగిన కుక్క ఆరేడు గంటలు ఆపుకోగలదు గానీ, నేర్పే రోజులలో పిల్లతో సమానంగానే చూడాలి. అది అక్కడ పోసిన మరుక్షణమే, ఇంట్లోకి వచ్చాక కాదు, అక్కడే, ఉప్పు లేకుండా ఉడికించిన కోడిగుడ్డు ముక్కో రొయ్యో పెట్టాము. ఆలస్యమైతే దేనికి మెచ్చుకున్నామో దానికి అర్థం కాదు. ఎవరూ కనిపెట్టి ఉండలేని వేళల్లో గదుల్లో వదలకుండా వరండాలోనే ఉంచాము. మా అత్తయ్య మొదట్లో, “మూతి నేలకేసి రాస్తే బుద్ధొస్తాది, ఊరికే గారాబం చేస్తున్నావమ్మాయ్” అన్నారు. “కొడితే మన ముందు పోయకూడదని నేర్చుకుంటుంది గానీ, ఇంట్లో పోయకూడదని కాదు అత్తయ్యా. అప్పుడిక బయట మనం నిలబడితే అసలే పోయదు” అని చెప్పాను. భయపడి పోసే కుక్కలైతే తిట్లతో మరీ ఎక్కువగా పోస్తాయి. ఈ విషయంలో అత్తయ్య నన్ను నమ్మడమే కాక, మధ్యాహ్నపు గుడ్డుముక్క బాధ్యత ఆమే తీసుకున్నారు.

తుపాను వానలు పట్టిన రోజులలో ఈ ఏర్పాటుకు పరీక్ష వచ్చింది. నెల్లూరుకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యనే కనుక, బయట నేర్పిన అలవాటు సరిగ్గా అప్పుడే చెదురుతుంది. ఉరుములకు జడిసి చుక్క గడప దాటనన్నది, ముందుగదిలో రెండు మూడు చోట్ల పోసింది. వెంటనే ద్రావణం పోసి గుడ్డ కప్పడం వల్ల ఆ చోట్లు మళ్ళీ అలవాటు కాలేదు, వాన తెరిపి ఇవ్వగానే తిరిగి తొట్టికే వెళ్లింది. ఈ సరుకు విలువ నాకు పూర్తిగా తెలిసింది ఆ రోజులలోనే.

ఇక లోపాలు. అర లీటరు సీసాకు 400 రూపాయల పైచిలుకు పెట్టాము, లోతుగా పోయాలి కనుక పెద్ద ఇంట్లో అది త్వరగా అయిపోతుంది. ఐదు లీటర్ల డబ్బా కొనడం చవకే గానీ, మొదట చిన్న సీసాతో చూడడం మంచిది. సీసాకు ఇచ్చిన చిలకరింపు మూత మా రెండవ సీసాలో మొదటి వారమే పట్టేసింది. లావెండరు, నిమ్మ పరిమళాలు కలిపినవి కొనకండి, వాసన నిజంగా పోయిందో లేదో ఆ పరిమళం తెలియనివ్వదు. అన్నిటికంటే ముఖ్యం, తయారైన తేదీ. ఎంజైములూ బ్యాక్టీరియా వేడికి బలం కోల్పోతాయి. రోహిణి కార్తె ఎండ పడే అద్దాల కిటికీలో నెలల తరబడి నిలబెట్టిన సీసా ధర తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు. దుకాణంలో లోపలి అరలో ఉన్నదాన్ని తేదీ చూసి అడిగి తీసుకోండి, ఇంటికి తెచ్చాక వంటగదిలో పొయ్యికి దూరంగా, నీడపట్టున ఉంచండి.