తల దించే గిటార్‌కి స్వీడ్ బెల్ట్: మద్రాసు చెమటలో ఎలా పనిచేసింది

ఈ స్వీడ్ (గరుకు నూగు ఉండే) తోలు బెల్ట్, అంటే గిటార్‌ని భుజానికి తగిలించుకునే పట్టీ, దొరక్కపోయి ఉంటే నా ఎస్‌జీ ఆకారం గిటార్‌ని ఎప్పుడో అమ్మేసేవాణ్ణి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కిందికి చదివేకొద్దీ మీకు ఫిర్యాదులే ఎక్కువ కనిపిస్తాయి.

ఎస్‌జీ మెడలో వేసుకున్నవాళ్ళకి సంగతి తెలుసు. ఎడమ చెయ్యి తీస్తే చాలు, నెక్ (ఎడమ చేత్తో తీగలు నొక్కే పొడవాటి కాడ) నేలచూపులు చూస్తుంది. గిబ్సన్ గిటార్ కంపెనీ వాళ్ళు 1961లో తమ లెస్ పాల్ మోడల్ బరువైన బాడీ బదులు ఈ రెండు కొమ్ముల పల్చటి మహాగని బాడీ తెచ్చారు. నెక్ దాదాపు మొత్తం బాడీ బయటే ఉంటుంది కాబట్టి బాడీ వైపున్న పై ఫ్రెట్లన్నీ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) హాయిగా అందుతాయి. ఆ హాయికి కట్టే సుంకం ఇది. బెల్ట్ తగిలించే ముందు బటన్ నెక్ మొదట్లోనే, వెనకవైపు ఉంటుంది. స్ట్రాటోకాస్టర్ అనే ఇంకో రకం గిటార్‌లో అయితే పై కొమ్ము 12వ ఫ్రెట్ దాకా సాగి, బటన్ దాని కొసన ఉంటుంది. అందుకే అది వదిలేసినా నిలబడుతుంది. నాది ఎస్‌జీకి వేరే కంపెనీ కాపీ. నెక్ కొసనున్న హెడ్ మీద తీగలు బిగించే బరువైన, మూత వేసిన రకం కీలు (ట్యూనింగ్ కీస్), ఇటుపక్క పల్చటి చెక్క. ఇంక తూగు ఎటు ఉంటుందో చెప్పక్కర్లేదు.

పెరంబూర్‌లో మా తెలుగు చర్చిలో ఆదివారం ఆరాధనంతా నిలబడే వాయించాలి. గిటార్‌తో వచ్చిన నైలాన్ బెల్ట్ ఉన్నన్నాళ్ళూ, పాటల పుస్తకంలో పేజీ తిప్పాలంటే ముందు కుడి మోచేత్తో బాడీని నొక్కిపట్టాలి. వేళ్ళు తీగల మీద ఉండాల్సిన చోట అరచెయ్యి నెక్‌ని మోస్తూ ఉండేది. బారే కార్డ్ (ఒకే వేలు అడ్డంగా వేసి తీగలన్నీ నొక్కేది) పడితే మణికట్టు లాగేసేది.

సెంట్రల్ స్టేషన్ దగ్గరి పెరియమేట్ తోళ్ళ బజారులో ఒకాయన బెత్తెడు వెడల్పు బెల్ట్ కోసిచ్చాడు, గరుకు వైపు భుజానికి తగిలేలా. అది వేసుకున్న మొదటి ఆదివారం నెక్‌ని ఎక్కడ వదిలితే అక్కడే ఉండిపోయింది. నాకైతే కొత్త గిటార్ కొన్నంత సంబరం. కనిపించిన వాయిద్యగాళ్ళందరికీ సమస్య తీరిపోయిందని చెప్పాను.

ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను. బెల్ట్ బరువుని తగ్గించదు, జారకుండా ఆపుతుంది, అంతే. నెక్ కిందికి లాగే లాగుడు ఎక్కడికీ పోదు, చొక్కా మీదికి వస్తుంది. ఆరాధన అయ్యేసరికి ఎడమ భుజం కుట్టు ముందుకి జారిపోయి, కాలర్ ఒక పక్కకి లాక్కుపోయి ఉంటుంది. మా ఆవిడ దూరం నుంచే సైగ చేస్తుంది, సర్దుకోమని. మణికట్టు నొప్పి మాత్రం పూర్తిగా పోయింది. కాలర్ సంగతి నాకు పెద్ద లెక్క కాదు.

అసలు భయపెట్టింది క్రిస్మస్ కేరల్ రౌండ్స్. డిసెంబర్, సన్నటి జల్లు, తోలు తేమ పీల్చుకుని మెత్తబడిపోయింది. బటన్ ఎక్కే కన్నం సాగుతోందని అప్పటికే నాకు అనుమానం. ఒక ఇంటి మెట్ల మీద పాట అయిపోయింది, ఆ ఇంటి ఆంటీ కేకు పళ్ళెం చాపింది. అందుకోవడానికి వంగానో లేదో, వెనక బటన్ నుంచి బెల్ట్ ఊడి గిటార్ అడుగు సర్రున జారింది. నా చేతిలో ఒట్టి నెక్. ఈ రకం గిటార్లకి హెడ్ వెనక్కి వాలి ఉంటుంది, కింద పడితే సరిగ్గా అక్కడే విరుగుతుంది. "తమ్ముడూ, పట్టుకో!" అని అరిస్తే పక్కన టాంబరిన్ కొడుతున్న కుర్రాడు రెండు చేతులా బాడీని పట్టుకున్నాడు. టాంబరిన్ మెట్లన్నీ దొర్లి కాలవలో పడింది. కొత్తది కొనిచ్చాను, దాని ఖరీదు ఈ బెల్ట్ కన్నా ఎక్కువే.

మర్నాడు హార్డ్‌వేర్ షాపులో కుళాయికి వేసే రబ్బరు వాషర్లు రెండు తెచ్చి, బెల్ట్ ఎక్కించాక బటన్ల మీదికి లాగి తొడిగాను. అప్పట్నుంచీ మళ్ళీ ఊడలేదు. బెల్ట్ ఊడకుండా బిగుసుకునే లాక్ బటన్లు ఇంకా నమ్మకం, డబ్బు పెట్టగలిగితే అవే కొనండి.

మద్రాసు ఎండాకాలం ఇంకో బాధ. మే నెలలో బెల్ట్ రంగు తెల్ల చొక్కాకి అంటుతుంది, ఉతికినా పూర్తిగా పోదు. చెమట ఉప్పు పట్టి గరుకుతనం అణిగిపోతుంది, అప్పుడు నెక్ మళ్ళీ మెల్లగా వాలడం మొదలెడుతుంది. నీడలో ఆరబెట్టి, పాత టూత్ బ్రష్‌తో గట్టిగా రుద్దితే మళ్ళీ పట్టు వస్తుంది. ఎండలో పెడితే అట్ట కట్టేస్తుంది.

మిగతా ఉపాయాలూ చూశాను. మా బేస్ వాయించే తమ్ముడు కాశిమేడు నుంచి వలలకి కట్టే సీసపు గుండ్లు తెచ్చాడు. టేపు చుట్టి వెనక మూత కింద కూరితే తూగు కుదిరింది. కానీ హెడ్ దూరం, అడుగు దగ్గర. అక్కడి కొద్ది గ్రాములకి ఇక్కడ బోలెడు సీసం కావాలి. తేలిక అని కొన్న గిటార్‌ని బరువు చేసుకోవడం నచ్చక తీసేశాను. హెడ్ మీద తేలిక కీలు వేయించడమే తెలివైన పని అనిపిస్తోంది, జీతం కుదిరినప్పుడు చేయిస్తాను. బటన్‌ని కొమ్ము మీదికి మార్చుకుని సుఖంగా ఉన్నవాళ్ళు ఉన్నారు కానీ, నాకు డ్రిల్ అంటేనే టెన్షన్.

కూర్చుని వాయించేవాళ్ళకి ఈ బెల్ట్ దండగ. ఎడమ భుజం నొప్పి ఉన్నవాళ్ళకి కూడా చెప్పలేను. నాలా వారానికి ఒకరోజు, కాటన్ చొక్కా మీద వాయించేవాళ్ళయితే ధైర్యంగా తీసుకోవచ్చు. పట్టు జుబ్బా మీద మాత్రం ఏ స్వీడూ నిలవదు, ఈస్టర్‌కి నేను ఇప్పటికీ స్టూల్ అడిగి కూర్చుంటాను.