క్లాట్ రాయాలా, లాసెట్ సరిపోతుందా?

ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న మా మేనకోడలు దసరా సెలవుల్లో వచ్చి, "మామయ్యా, క్లాట్ రాయనా, లాసెట్ రాయనా?" అని అడిగింది. క్లాట్ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష, లాసెట్ మన తెలుగు రాష్ట్రాల లా కళాశాలలది. జిల్లా కోర్టులో పద్దెనిమిదేళ్లుగా నల్లకోటు తొడుగుతున్నవాడిని కాబట్టి ఒక్క మాటలో తేల్చేస్తాననుకుంది. నేను ఆ రోజు ఇంగ్లిష్ పత్రిక తెచ్చి సంపాదకీయం ఆమె ముందు పెట్టాను. మూడు నిమిషాల్లో చదివి, రాసినవారు ఏమి వాదిస్తున్నారో తెలుగులో రెండు వాక్యాల్లో చెప్పమన్నాను. చదవడానికి ఏడు నిమిషాలు పట్టింది. చెప్పడం మాత్రం సరిగ్గానే చెప్పింది. ఆ సాయంత్రం మేము మాట్లాడుకున్నదంతా ఆ ఏడు నిమిషాల గురించే.

క్లాట్ పెద్ద పరీక్ష, లాసెట్ చిన్న పరీక్ష అని మన ఇళ్లలో ఒక లెక్క ఉంది. పెద్దది రాకపోతే చిన్నదానికి దిగవచ్చునని ధీమా. నాకు ఆ లెక్క నచ్చదు. అవి ఒకే నిచ్చెనకు పైమెట్టు, కిందిమెట్టు కావు. ఒకటి మీరు ఎంత వేగంగా చదివి అర్థం చేసుకోగలరో చూస్తుంది, రెండోది మీకు ఎంత గుర్తుందో చూస్తుంది.

క్లాట్‌లో రెండు గంటలకు 120 ప్రశ్నలు. 2020కి ముందు 200 ఉండేవి, తర్వాత 150, 2024 ప్రవేశాల పరీక్ష నుంచి 120. సంఖ్య తగ్గింది కదా అని సంతోషించడానికి లేదు. ప్రశ్నలన్నీ ప్యాసేజీల వెంట వస్తాయి, ఒక్కో ప్యాసేజీ 450 మాటల దాకా ఉంటుంది. అన్నీ కలిపితే చదవాల్సింది ఎనిమిది, తొమ్మిది వేల మాటలు. అదీ ఇంగ్లిష్‌లోనే. వర్తమాన వ్యవహారాలకు, న్యాయ తర్కానికి దాదాపు పావు వంతు చొప్పున, ఇంగ్లిష్‌కు, తార్కిక వివేచనకు ఐదో వంతు చొప్పున ప్రశ్నలు ఉంటాయి. లెక్కల వాటా పదో వంతే, అవీ పదో తరగతి స్థాయివి. ఎంపీసీ పిల్లలు ఆ పదో వంతు చూసుకుని మురిసిపోతారు, హెచ్‌ఈసీ పిల్లలు దాన్నే చూసి జడుసుకుంటారు. రెండూ అనవసరం.

న్యాయ తర్కం అనగానే చట్టాలు బట్టీ పట్టాలనుకుంటారు. అక్కరలేదు. పనిలో ఉండగా నౌకరు చేసిన తప్పుకు యజమాని బాధ్యుడు, సొంత పని మీద పోతూ చేసినదానికి బాధ్యుడు కాడు అని ప్యాసేజీలో ఉందనుకుందాం. పాలవ్యాను డ్రైవరు సరుకు దించకుండానే దారి మళ్లించి అత్తవారింటికి వెళుతూ ఒక సైకిలును గుద్దాడు. యజమాని నష్టపరిహారం కట్టాలా? ప్యాసేజీ చెప్పిన నియమాన్ని పట్టుకునే జవాబు తేల్చాలి. అసలు చట్టంలో ఏముందో తెలిసినా పక్కన పెట్టాలి. ఒకసారి సరదాకు నేనూ ఒక మాక్ పేపరు ముందేసుకుని కూర్చున్నాను. ఆ విభాగంలో నాలుగు తప్పులు పోయాయి. నాలుగూ చట్టం తెలిసి ఉండటం వల్ల పోయినవే.

లాసెట్ తీరు వేరు. 90 నిమిషాలు, 120 ప్రశ్నలు, కంప్యూటర్ మీద పరీక్ష. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, వర్తమాన వ్యవహారాలు 30, న్యాయ విద్యాభిరుచి 60. ఇంగ్లిష్‌తో పాటు తెలుగులోనూ ప్రశ్న కనిపిస్తుంది. ఆస్తి హక్కు ఇప్పుడు రాజ్యాంగంలో ఏ అధికరణం కింద ఉంది అని అడుగుతారు. 1978 నాటి 44వ సవరణ దాన్ని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసి 300-ఏలో పెట్టిందని తెలిస్తే మూడు సెకన్ల పని. తెలియకపోతే మూడు గంటలు కూర్చున్నా ఆలోచనతో రాబట్టేది కాదు.

ఇక్కడ పుస్తకం కొనేవారికి ఒక మాట. 2024 జులై 1 నుంచి భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు శిక్ష చెప్పే 302వ సెక్షను ఇప్పుడు 103. మోసగాడిని మనం ముద్దుగా పిలుచుకునే 420 కూడా పోయింది, దాని స్థానంలో 318 వచ్చింది. తిట్టుగా అది నోటికి ఎక్కడానికి ఇంకో తరం పడుతుందేమో. పాత పుస్తకాల దుకాణాల్లో చవకగా దొరికే లాసెట్ గైడ్లు తీసుకునేటప్పుడు ముందు అచ్చయిన ఏడాది చూడండి. రాజ్యాంగం అధ్యాయం పాతదైనా చాలావరకు పనికొస్తుంది, నేర చట్టాల అధ్యాయం పనికిరాదు.

మార్కుల లెక్కలోనూ రెండింటి స్వభావం బయటపడుతుంది. లాసెట్‌లో తప్పు జవాబుకు కోత లేదు. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు కావాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఆ హద్దు కూడా లేదు. పదహారు ప్రశ్నలకు నిజంగా జవాబు తెలిసి, మిగిలిన 104 గుడ్డిగా గుర్తించినా సగటు లెక్కన 16, 26 కలిపి 42 వచ్చేస్తాయి. కాబట్టి లాసెట్ 'క్వాలిఫై' అయ్యామన్న మాటకు పెద్ద విలువ లేదు, ర్యాంకు ఎంతో అడగాలి. అలాగే అక్కడ ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. క్లాట్‌లో తప్పుకు పావు మార్కు పోతుంది. అక్కడ గుడ్డిగా గుర్తించిన పదహారు ప్రశ్నలకు సగటున మిగిలేది ఒక్క మార్కు, దానికోసం పోయే సమయం బోలెడు. నాలుగింటిలో రెండు కావని తేలితే మాత్రం తెగించవచ్చు. పావు మార్కుకు భయపడి అలాంటి ప్రశ్నలు కూడా వదిలేసే జాగ్రత్తపరులే ఎక్కువ నష్టపోతారు. అన్నట్టు, 2024 డిసెంబరులో జరిగిన క్లాట్ జవాబుల కీ మీద కొందరు కోర్టుకెక్కితే ఢిల్లీ హైకోర్టు అందులో తప్పులు ఎత్తిచూపింది. వకీళ్లు కాబోయే పిల్లలకు అంతకంటే మంచి తొలిపాఠం ఏముంటుంది!

ఇక సమయం. క్లాట్ డిసెంబరు మొదట్లో, ఇంటర్ పబ్లిక్ పరీక్షలు ఆ తర్వాత, లాసెట్ వేసవిలో. క్లాట్‌కు సిద్ధమైనవారికి డిసెంబరు తర్వాత లాసెట్‌కు కొత్తగా చదవాల్సింది తక్కువ. వర్తమాన వ్యవహారాలు అప్పటికే చేతిలో ఉంటాయి, ఇంటర్ పరీక్షలయ్యాక ఆరేడు వారాలు రాజ్యాంగం, చట్టాల ప్రాథమిక సూత్రాలు, లాటిన్ న్యాయోక్తులు కూర్చుని చదివితే చాలు. అదే లాసెట్‌కు ఏడాదంతా చదివినవారు క్లాట్ హాల్లోకి వెళితే చదివినదాంట్లో చాలాభాగం బయటే వదిలి వెళ్లినట్టు. 300-ఏ గుర్తున్నంత మాత్రాన ప్యాసేజీ వేగంగా కదలదు. రెండింటికీ కలిపి సిద్ధం చేస్తామని ఒకే తరగతిలో కూర్చోబెట్టే కోచింగులను అందుకే నేను నమ్మను.

మరి ఆ చదివే వేగం ఎక్కడి నుంచి వస్తుంది? రెండు నెలల్లో రాదు. రోజూ ఒక సంపాదకీయం గడియారం పెట్టుకుని చదివితే ఏడాదికి వస్తుంది. ఇంటర్ మొదటి ఏడాదిలో ఉన్నవారికి ఆ ఏడాది ఉంది. అలాంటివారు తెలుగు మాధ్యమం నుంచి వచ్చినా సరే, క్లాట్‌ను వదులుకోవద్దనే చెబుతాను. రెండో ఏడాది దసరాకు కళ్లు తెరిచినవారికి ఆ ఏడాది లేదు. వారు దరఖాస్తుకు నాలుగు వేలు, కోచింగుకు అంతకు ఎన్నో రెట్లు పోసి డిసెంబరులో నిరాశ కొనుక్కోవడం కంటే లాసెట్‌కు నిటారుగా కూర్చోవడం మేలు. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి ప్రత్యేకంగా ఉన్న ప్రవేశ పరీక్ష ఐలెట్‌కూ ఇదే వర్తిస్తుంది. అందులో లెక్కలు లేవు, తార్కిక వివేచన బరువు ఎక్కువ.

పరీక్ష దాటాక ఏమి వస్తుందన్నది ఇంకో తూకం. క్లాట్ ర్యాంకుతో దేశంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు పోతారు. మనకు దగ్గరివి 1998లో వెలసిన, హైదరాబాద్ దగ్గర శామీర్‌పేటలో ఉన్న నల్సార్, విశాఖ దగ్గర సబ్బవరంలో ఉన్న దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం. రెండింట్లోనూ స్థానికులకు కొన్ని సీట్లు ఉన్నాయి. ఖర్చు ఏడాదికి రెండు, మూడు లక్షలు, ఐదేళ్లకు లెక్క వేసుకోండి. లాసెట్‌తో ఉస్మానియా, ఆంధ్ర, కాకతీయ వంటి విశ్వవిద్యాలయాల కళాశాలల్లోనో, వాటి అనుబంధ కళాశాలల్లోనో కన్వీనర్ కోటాలో చేరితే ఖర్చు అందులో చిన్న భాగం. చివరికి ఇద్దరూ 1961 నాటి అడ్వకేట్ల చట్టం కింద ఒకే రకం సనదు, అంటే వకీలుగా పనిచేసే అనుమతి, తీసుకుంటారు, ఒకే బార్ పరీక్ష రాస్తారు. ఆ బార్ పరీక్ష తెలుగులోనూ రాయవచ్చు.

అయితే సనదు ఒకటే కాబట్టి అంతా ఒకటే అని చెబితే అబద్ధమాడినట్టే. బొంబాయి, ఢిల్లీ పెద్ద న్యాయ సంస్థలు మనుషులను తీసుకోవడానికి వెళ్లేది నల్సార్ లాంటి చోట్లకే. ఆ కొలువు కోరుకునేవారికి క్లాట్ దారి ఎంత కష్టమైనా అదే దారి. కానీ మా కోర్టు హాల్లో ఆ పేరు ఎవరూ అడగరు. సాక్షి చెప్పే మాటలు తెలుగులో, దస్తావేజు తెలుగులో, కక్షిదారు గోడు తెలుగులో. నా దగ్గర జూనియర్లుగా రెండు రకాలవారూ చేశారు. జాతీయ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన కుర్రాడు సుప్రీంకోర్టు తీర్పులను నీళ్లు తాగినంత సులువుగా చెప్పేవాడు గానీ, పాత విక్రయ దస్తావేజులో సరిహద్దులు చదవలేక గుమాస్తాను పిలిచేవాడు. మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేసిన అమ్మాయి మొదటి వారంలోనే వాదపత్రం రాసింది. అయితే హైకోర్టుకు అప్పీలు తయారు చేయాల్సి వచ్చినప్పుడు మొదట పిలిచింది ఆ కుర్రాడినే అని కూడా చెప్పాలి.

కాబట్టి క్లాట్‌లో చివరి ర్యాంకుతో ఎక్కడో దూరాన, భాష కూడా తెలియని ఊళ్లో కొత్త విశ్వవిద్యాలయం వచ్చి, లాసెట్‌లో ఉస్మానియా వస్తే? తెలుగు నేల మీదే నల్లకోటు వేసుకునే ఉద్దేశం ఉంటే నేను ఉస్మానియానే ఎంచుకోమంటాను. కళాశాల అయ్యాక సాయంత్రం ఏదో ఒక సీనియరు ఆఫీసులో కూర్చునే వీలు ఆ తొలి ఏళ్లలో పుస్తకాలకంటే ఎక్కువ నేర్పుతుంది. ఆ తర్వాత ఎల్ఎల్ఎంకు క్లాట్ పీజీ ఉంది. జాతీయ విశ్వవిద్యాలయంలో ఏడాది చదువు, అప్పటికి ఇంగ్లిష్ కూడా పదును తేలి ఉంటుంది.

డిగ్రీ చేసి మూడేళ్ల లాసెట్ రాయడం అనే మూడో దారిని ఇంటర్ పిల్లల తల్లిదండ్రులు అసలు లెక్కలోకి తీసుకోరు. డిగ్రీలో 45 శాతం ఉంటే చాలు, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40. వయసు హద్దు లేకపోవడంతో ఆ పరీక్ష హాల్లో రిటైరైన ఉద్యోగులూ కనిపిస్తారు. మొత్తం ఆరేళ్లు, అంటే ఐదేళ్ల కోర్సు కంటే ఒక్క ఏడాది ఎక్కువ. లా మీద నిజంగా మనసుందో లేదో తెలియని పదిహేడేళ్ల పిల్లకు ఆ ఏడాది చవకే. కానీ మేజిస్ట్రేటు కావాలనుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2025 మేలో మళ్లీ తెచ్చింది. ఆరేళ్ల చదువు మీద ఇంకో మూడేళ్లు. వారికి ఇంటర్ తర్వాతి ఐదేళ్ల కోర్సే కలిసివస్తుంది.

మా మేనకోడలికి మేజిస్ట్రేటు కావాలని ఉంది. కాబట్టి ఐదేళ్ల లాసెట్ ఈ వేసవిలో రాయమన్నాను, క్లాట్ దరఖాస్తు వద్దన్నాను. రోజుకొక సంపాదకీయం మాత్రం మానవద్దని చెప్పాను. మొన్న ఫోనులో ఐదున్నర నిమిషాలకు దిగానని చెప్పింది. మా బావ మాత్రం ఒప్పుకోలేదు. ఇంజనీరింగ్ పిల్లల్లా లాంగ్‌టర్మ్ పెట్టించి వచ్చే ఏడాది క్లాట్ రాయిద్దామంటాడు. నాలుగు నిమిషాల లోపు చదివే పిల్లయితే నేనూ ఆ ఏడాదికి సరే అనేవాడిని. ఈలోగా కోచింగ్ వాళ్లు మొదటి వాయిదా ఎప్పుడు కడతారని రోజూ ఫోను చేస్తున్నారట. ఆ వాయిదాకు ఇంకో వాయిదా అడగమని చెప్పాను.