స్కాం వార్తలకు ఏ పేపరు కొనాలి? రెండూ కొని చూశాను

మూడు నెలల పాటు రెండు ఈ-పేపర్లకు చందా కట్టి చదివాను. ఒకటి అధికార పార్టీకి దగ్గరని అందరూ అనుకునేది, రెండోది ప్రతిపక్షం పేపరని పేరుపడ్డది. పేర్లు రాయను. రాస్తే మిగతాది వదిలేసి నేను ఎవరి మనిషినో తేల్చే పనిలో పడతారు. నాకు కావలసింది ఒక్కటే, ప్రభుత్వంలో ఏదైనా కుంభకోణం బయటపడినప్పుడు అసలు ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఏ పేపరు పనికొస్తుంది అని. ఆటలు, సినిమాలు, ఆదివారం అనుబంధం ఇక్కడ లెక్కలోకి తీసుకోలేదు.

ముందు యాప్‌ల సంగతి. రెండూ నత్తనడకే. పాత సంచికలు ఉన్నాయి కానీ వెతకడం నరకం, పేజీలన్నీ బొమ్మలుగా పెట్టారు కాబట్టి మాట కొడితే ఏమీ దొరకదు, తేదీ తెలిస్తేనే పని జరుగుతుంది. కాబట్టి నేను చేసిందేంటంటే, ఆడిట్ నివేదిక సభలో పెట్టిన రోజు, కోర్టు ఉత్తర్వు వచ్చిన రోజు, అరెస్టు జరిగిన రోజు, ఇలా తేదీలు రాసుకుని మర్నాటి సంచికలు రెండూ పక్కపక్కన తెరిచి చూడటం. డబ్బు పెట్టినందుకు బాగా పనికొచ్చింది ఈ పాత సంచికలే. రోజూ పొద్దున చదివే పేపరు కంటే ఐదేళ్ల కిందటి పేపరు ఎక్కువ నిజం చెబుతుంది, ఎందుకో తర్వాత చెబుతా.

ఒక ఆడిట్ నివేదిక ఉదాహరణ చెబుతా. ప్రతిపక్షం పేపర్లో మొదటి పేజీ పొడుగునా బ్యానర్, లోపల రెండు పేజీలు, కార్టూను, సంపాదకీయం. రెండో పేపర్లో ఎంత వెతికినా కనిపించలేదు. లేదేమో అనుకున్నా. ఉంది, లోపలి పేజీలో, టెండరు ప్రకటనల పక్కన, రెండు కాలాల వార్త. హెడ్డింగు ఏంటో తెలుసా? ఆడిట్ అభ్యంతరాలకు ఆ శాఖ వివరణ ఇచ్చిందని. అంటే ఆరోపణ ఏంటో చెప్పకుండానే ఖండన వేశారు! ఆ పేపరొక్కటే చదివేవాళ్లకు అసలు ఏ విషయానికి వివరణ ఇచ్చారో కూడా తెలియదు. ఒక్క అబద్ధం కూడా లేదు ఆ వార్తలో. రేపెవరైనా నిలదీసినా, మేం వేశాం కదా, ఫలానా పేజీ చూసుకోండి అనొచ్చు.

ఇక మాటలు. ఒకే ఫైలు గురించి ఒకరు 'దోపిడీ' అంటే ఇంకొకరు 'అవకతవకలు' అంటారు, ఇంకా దగ్గరివాళ్లయితే 'విధానపరమైన నిర్ణయం'. ఒక పేపర్లో 'అరెస్టు', పక్క పేపర్లో 'అక్రమ అరెస్టు'. బెయిల్ వస్తే మనవాడికి 'ఊరట', రాకపోతే అవతలివాడికి 'చుక్కెదురు'. మనవాడికి బెయిల్ రాలేదనుకోండి, అప్పుడు 'విచారణ వాయిదా' అని చిన్నగా. 'విశ్వసనీయ వర్గాల ప్రకారం', 'తెలిసింది', 'సమాచారం' అనే మూడు మాటలతో ముగిసే వాక్యాలను నేను పెన్సిల్‌తో గీసుకుంటూ పోయాను (అదే, స్క్రీన్‌షాట్ మీద వేలితో). కొన్ని బ్యానర్ వార్తల్లో అవి తీసేస్తే మిగిలింది ఊరి పేరు, తేదీ. ఫొటోల సంగతి చెప్పక్కర్లేదు. ఒకే మంత్రి ఒక పేపర్లో నవ్వుతూ నమస్కారం పెడుతుంటాడు, రెండో దాంట్లో నుదుటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటాడు. ఆ నుదుటి మీద చెయ్యి ఫొటో ఎన్నేళ్ల కిందటిదో దేవుడికే తెలియాలి, ప్రతి స్కాంకీ అదే వాడుతున్నారు.

వీటన్నిటి కంటే నాకు ఎక్కువ చిరాకు తెప్పించింది అంకెలు. ఏ స్కాంలో అయినా కనీసం మూడు అంకెలుంటాయి. మొత్తం కాంట్రాక్టు విలువ, ప్రభుత్వానికి నష్టం అని ఎవరో వేసిన అంచనా, చేతులు మారిందని చెబుతున్న లంచం. కిట్టనివాళ్ల పేపరు పెద్ద అంకెనే స్కాం విలువగా హెడ్డింగులో పెడుతుంది. బోఫోర్స్‌నే తీసుకోండి, ఫిరంగుల ఒప్పందం 1,437 కోట్లు, కమీషన్లుగా ముట్టాయన్న ఆరోపణ 64 కోట్లు. 2జీ, అదే ఫోన్ కంపెనీలకు స్పెక్ట్రం లైసెన్సులు చౌకగా కట్టబెట్టారన్న కేసు, ఇంకా మంచి ఉదాహరణ. 2010లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తన నివేదికలో ఒకే ఒక్క నష్టం అంకె ఇవ్వలేదు, లెక్కగట్టే పద్ధతిని బట్టి సుమారు 57 వేల కోట్ల నుంచి 1.76 లక్షల కోట్ల వరకు వేర్వేరు అంచనాలు ఇచ్చింది. సీబీఐ తన చార్జిషీటులో పెట్టిన నష్టం దాదాపు 31 వేల కోట్లు. జనం నోట్లో నిలిచిపోయింది మాత్రం 1.76 లక్షల కోట్లే. 2017 డిసెంబరు 21న ప్రత్యేక కోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా వదిలేసింది. మీకు పాత సంచికలు దొరికితే 2010 నవంబరు పేపరూ, 2017 డిసెంబరు 22 పేపరూ పక్కపక్కన పెట్టి, ఏ అక్షరాలు ఎంత లావుగా వేశారో చూడండి. అప్పుడు గగ్గోలు పెట్టినవాళ్లు తీర్పును ఎలా వేశారు, అప్పుడు నోరు మెదపనివాళ్లు తీర్పు రోజు ఎంత పండగ చేసుకున్నారు. తీర్పు సరైనదా కాదా అన్నది వేరే వాదన, ఇక్కడ నేను అక్షరాల సైజు గురించే మాట్లాడుతున్నా.

ఐదేళ్ల కిందటి పేపరు అన్నాను కదా. ప్రభుత్వం మారకముందు, మారిన తర్వాత అదే పేపరును చదవడం లాంటి పరీక్ష ఇంకోటి లేదు. నేను కొన్న రెంట్లో ఒకటి, అప్పట్లో అవతలి నాయకుడు 'కక్ష సాధింపు' అన్నప్పుడు తప్పు చేసి దొరికిపోయిన ప్రతి ఒక్కడూ చెప్పే మాటే ఇది అని సంపాదకీయం రాసింది. కుర్చీ మారాక, తన నాయకుడి మీద కేసు పడగానే మొదటి పేజీలో అదే మాట, కొటేషన్ మార్కులు కూడా లేకుండా. రెండో పేపరు సరిగ్గా దీనికి అద్దంలో బొమ్మ. అదే దర్యాప్తు సంస్థ ఒకప్పుడు పంజరంలో చిలక, ఇప్పుడు నిష్పాక్షిక సంస్థ. చదువుతుంటే నవ్వొస్తుంది, కాసేపటికి ఒళ్లు మండుతుంది.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బనుకుంటే పొరపాటు. అమెరికాలో పుగ్లీసి, స్నైడర్ అనే ఇద్దరు పరిశోధకులు 35 రాజకీయ కుంభకోణాలను తీసుకుని, సుమారు 200 పేపర్లు వాటికి ఎంత చోటిచ్చాయో లెక్కపెట్టారు, 2011లో అచ్చయింది. ఎన్నికల్లో డెమొక్రాట్లను బలపరిచే పేపర్లు రిపబ్లికన్ల స్కాంలకు ఎక్కువ చోటిచ్చాయి, రిపబ్లికన్ పేపర్లు తలకిందులుగా. మనం అనుకున్నదే. కానీ ఒక చిన్న సంగతి నాకు బాగా నచ్చింది. పాఠకులు ఏ పార్టీ వాళ్లన్నది లెక్కలోకి తీసుకున్నాక కూడా ఈ తేడా పోలేదు, పాఠకుల ఇష్టాన్ని బట్టి నడుచుకున్నట్టు కనిపించింది స్థానిక కుంభకోణాల్లో మాత్రమే. అంటే 'జనం అడిగేదే మేం ఇస్తున్నాం' అనే సాకు పెద్ద స్కాంల దగ్గర నిలబడదు. ఇంకో పరిశోధన అర్జెంటీనాది. అక్కడి నాలుగు పెద్ద పేపర్లను 1998 నుంచి 2007 వరకు చూస్తే, ప్రభుత్వ ప్రకటనల డబ్బు ఎక్కువ వచ్చిన నెలల్లో ప్రభుత్వ అవినీతి వార్తలకు మొదటి పేజీలో చోటు తగ్గింది. ఇది చదివాక నేను ఫుల్ పేజీ ప్రభుత్వ ప్రకటన కనిపిస్తే చాలు, ఆ వారం ఏ వార్త తగ్గిందా అని వెతకడం మొదలుపెట్టాను. కొంచెం పిచ్చే, ఒప్పుకుంటా.

ఇంతా తిట్టాక, ఇప్పుడు మెచ్చుకోవాల్సింది కూడా చెప్పాలి. పక్షపాతం ఉన్న పేపరే గట్టిగా తవ్వుతుంది. ఇది నేను అనుకోలేదు, చదువుతూ పోతే తెలిసింది. ఎవరికీ చెందని, మధ్యలో నిలబడే పత్రికలు నివేదిక వచ్చాక నివేదికను వేస్తాయి, అంతే. టెండరు నిబంధన ఏ తేదీన మార్చారు, మార్చాక ఎంతమంది పోటీలో మిగిలారు, గెలిచిన కంపెనీ డైరెక్టర్ల చిరునామా ఎవరి ఇల్లు, ఇవన్నీ పట్టుకొచ్చింది ప్రతిపక్షం పేపరే. కక్షతోనే తెచ్చింది, కానీ కాగితం కాగితమే కదా. 2009లో బ్రిటన్ ఎంపీలు సొంత ఖర్చులకు ప్రభుత్వ సొమ్ము రాబట్టుకున్న బాగోతం బయటపెట్టిన డైలీ టెలిగ్రాఫ్ కన్జర్వేటివ్‌ల వైపు మొగ్గే పేపరు. మే 8న మొదలుపెట్టి ముందుగా ప్రత్యర్థి లేబర్ పార్టీ మంత్రులనే ఉతికింది, ఇది పార్టీ కక్షేనని అందరూ అనుకున్నారు. నాలుగో రోజుకు కన్జర్వేటివ్‌ల దగ్గరికి వచ్చింది, ఒక ఎంపీ పంపిన ఖర్చుల జాబితాలో తన ఇంటి చుట్టూ ఉన్న కందకాన్ని బాగుచేయించిన పద్దు ఉందన్న సంగతి కూడా అందులోనే బయటికొచ్చింది. ఎవరిని ముందు వేశారన్న దాంట్లో మొగ్గు ఉందనే అంటాను, కానీ ఆపలేదు. నేను కొన్న రెండు పేపర్లలో ఆ నాలుగో రోజు ఎప్పుడూ రాలేదు.

రెండూ చదివి సగం సగం కలుపుకుంటే నిజం వస్తుందని చాలామంది చెబుతారు, నేనూ అదే అనుకుని రెంటికీ డబ్బు కట్టాను. పని చెయ్యలేదు. ఒకరు పది కిలోమీటర్లంటే ఇంకొకరు సున్నా అంటే దూరం ఐదు కిలోమీటర్లు అయిపోదు. పైగా రెండు పేపర్లూ వెయ్యని వార్తలుంటాయి. కాంట్రాక్టరు ఇద్దరికీ కావలసినవాడో, ఇద్దరికీ ప్రకటనలిచ్చేవాడో అయితే ఆ ఆడిట్ పేరా రెండు చోట్లా కనిపించదు. అలాంటివి నాకు దొరికింది నివేదికను నేరుగా దించుకుని చదివినప్పుడే. నివేదికలు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, భాష మాత్రం నిద్రమాత్రలా ఉంటుంది, ఓపిక ఉండాలి.

మార్కులు వేయమంటే, కాగితాలు బయటపెట్టడంలో ప్రతిపక్షం పేపరుకు ఐదుకు నాలుగు, అధికార పక్షం దానికి ఒకటి. తర్వాత ఏమైందో చెప్పడంలో ఇద్దరికీ అర. అరెస్టు రోజు హడావుడి తర్వాత కేసు ఏ కోర్టులో ఉంది, ఎన్ని వాయిదాలు పడ్డాయి అన్నది ఇద్దరూ వదిలేశారు. యాప్‌కు మార్కులు వెయ్యను, అది తెరుచుకున్నప్పుడు చూద్దాం.

చందా గడువు పోయిన వారం అయిపోయింది. అధికార పక్షం పేపరు ఆపేశాను, ప్రతిపక్షం పేపరు కొనసాగిస్తున్నా. ప్రభుత్వం మారిన మర్నాడు ఇది ఆపేసి, అది కడతా. మా నాన్నకు ఈ పద్ధతి చెబితే, ముప్పై ఏళ్లుగా ఒకే పేపరు చదువుతున్న మనిషి, కళ్లజోడు తీసి నా వైపు చూసి, "అయితే ఇప్పుడు ఆ దరిద్రపు పేపరు మన ఇంట్లోకి తెచ్చావా రా" అన్నాడు. అది ఫోన్లో ఉంది నాన్నా, ఇంట్లోకి రాలేదు అని సర్దిచెప్పాను.