ఐదు చుక్కల వెనుక దాత సొమ్ము: రోటావ్యాక్ టీకాపై ఒక సమీక్ష

పసిపిల్లలకు ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో నోట్లో ఐదేసి చుక్కల చొప్పున వేసే రోటావ్యాక్ హైదరాబాద్ జినోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ తయారుచేసే టీకా. రోటావైరస్ వల్ల వచ్చే నీళ్ల విరేచనాలు ప్రాణం మీదికి రాకుండా చూడటం దాని పని. ఈ టీకా రాకముందు మన దేశంలో ఏటా సుమారు 78 వేలమంది పిల్లలు ఈ జబ్బుతోనే చనిపోయేవారని పరిశోధకుల అంచనా. బిడ్డకు దీన్ని వేయించవలసిందే. అయితే దాని మీద పెట్టుకోవలసిన ఆశకు ఒక హద్దుంది. ఆ హద్దు ఎక్కడిదో, ఇంత తక్కువ ధరకు ఇది ఎలా వచ్చిందో కలిపి చూస్తేనే ఈ సమీక్ష పూర్తవుతుంది, ఎందుకంటే ఈ సీసాలో శాస్త్రం ఎంత ఉందో, ముందుచూపుతో చేసిన దానం కూడా అంతే ఉంది.

1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో వైద్యుడు మహారాజ్ కిషన్ భాన్ బృందం నవజాత శిశువుల వార్డులో ఒక వింతను గమనించింది. కొందరు శిశువుల పేగుల్లో రోటావైరస్ ఉన్నా వారికి విరేచనాలు కాలేదు. అలా ఒకసారి సోకిన పిల్లలకు తర్వాత తీవ్రమైన జబ్బు రావడం కూడా తగ్గింది. అక్కడ దొరికిన 116ఈ అనే వైరస్ రకమే ఈ టీకాకు మూలం. అంటే మందును ముందుగా తయారుచేసి పెట్టింది ప్రకృతే. దాన్ని సీసాలోకి ఎక్కించడానికి మాత్రం దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. బీద దేశాల పసిపిల్లల జబ్బుకు మందు చేస్తే లాభం ఏపాటిదో ఏ కంపెనీకైనా తెలుసు కాబట్టి ఈ ఆలస్యంలో ఆశ్చర్యపడవలసింది లేదు.

ఈ ఖాళీలోనే దాత సొమ్ము పనికొచ్చింది. కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ, అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రాలు, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం మొదటి నుంచీ తోడుగా ఉన్న మాట నిజమే. అయితే వేలమంది శిశువులపై పరీక్షలు జరపవలసిన దశలో, ఫలితం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియని సమయంలో, గేట్స్ ఫౌండేషన్ పాత్ అనే సంస్థ ద్వారా ఆ ఖర్చులో కొంత భరించింది. ఆ భాగస్వామ్యంలో భాగంగానే ప్రభుత్వ కొనుగోళ్లకు డోసు ఒక డాలరుకే ఇస్తామని కంపెనీ ముందుగా మాట ఇచ్చింది. నా దృష్టిలో ఈ వితరణలోని అసలు తెలివి ఇదే. ఆసుపత్రికి భవనం కట్టించే దాత పేరు శిలాఫలకం మీద మిగులుతుంది. ఇక్కడ దాత చేసిన పని బిల్లు మీద అంకెగా మిగిలింది. అప్పటికే 2006 నుంచి బహుళజాతి కంపెనీల రోటావైరస్ టీకాలు రోటారిక్స్, రోటాటెక్ అందుబాటులో ఉన్నా, ప్రైవేటు ఆసుపత్రిలో వాటి డోసు ధర వెయ్యి రూపాయల పైమాటే. 2015 మార్చిలో రోటావ్యాక్ విడుదలైనప్పుడు డాలరు విలువ 60 రూపాయల పైచిలుకు మాత్రమే.

ఇక పనితనం. ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది శిశువులపై జరిగిన మూడో దశ పరీక్షలో తీవ్రమైన రోటావైరస్ విరేచనాల నుంచి తొలి ఏడాది సుమారు 56 శాతం రక్షణ కనిపించింది. దేశమంతటా వాడకంలోకి వచ్చాక ఆసుపత్రుల్లో చేసిన పరిశీలనలోనూ 54 శాతం దగ్గరే తేలింది. ఈ అంకె చూసి నాసిరకం సరుకు అనుకోవడం పొరపాటు. సంపన్న దేశాల్లో ఎనభై, తొంభై శాతం కాపాడే విదేశీ టీకాలు కూడా ఆసియా, ఆఫ్రికాల్లోని పేద ప్రాంతాలకు వచ్చేసరికి సగానికి అటూ ఇటూగానే పనిచేశాయి. పోషకాహార లోపం, పేగుల్లో మళ్లీమళ్లీ సోకే ఇతర క్రిములు, తల్లి నుంచి బిడ్డకు వచ్చే ప్రతిరోధకాలు వంటివి అందుకు కారణాలని పరిశోధకులు భావిస్తున్నారు. కాబట్టి చుక్కలు వేయించాం కదా అని ఓఆర్‌ఎస్ పొట్లాన్నీ, జింకు మాత్రలనూ పక్కన పెట్టకూడదు. మంచినీటి పైపు చేయవలసిన పని టీకా చేయలేదు. దాతల డబ్బు పైపుల కంటే టీకాల వైపే ఇష్టంగా మొగ్గుతుందన్న విమర్శలో కొంత నిజం ఉందని నేనూ అనుకుంటాను. ఎన్ని డోసులు వేశామో లెక్క చూపడం తేలిక, మురుగు కాలువ బాగుపడితే ఎన్ని ప్రాణాలు నిలిచాయో చూపడం కష్టం.

భద్రత గురించి అడిగేవారు అడగవలసిందే. అమెరికాలో 1998లో వచ్చిన రోటాషీల్డ్ అనే టీకాను, పేగులో పేగు చొరబడే ఇంటస్ససెప్షన్ అనే ప్రమాదం వల్ల 1999లోనే వెనక్కు తీసుకున్నారు. ఆ చరిత్ర తెలిసినవారు రోటావ్యాక్ పరీక్ష వివరాలను కేంద్రాలవారీగా బయటపెట్టాలని కోరారు. విషయం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. ప్రభుత్వ సొమ్ము, దాతల సొమ్ము కలిసిన పరీక్షలో అంకెలను విడమరచి ప్రజల ముందు పెట్టడానికి వెనకాడవలసిన అవసరం ఏముందో నాకు అర్థం కాదు. ఈ మొత్తం వ్యవహారంలో నేను మార్కులు తగ్గించేది ఇక్కడే. అయితే టీకా వాడకంలోకి వచ్చిన తర్వాత పలు రాష్ట్రాల ఆసుపత్రుల్లో జరిపి 2020లో ప్రచురించిన అధ్యయనంలో ఈ టీకాకూ ఇంటస్ససెప్షన్‌కూ సంబంధం కనబడలేదు. తల్లిదండ్రులకు ఈ జవాబు సరిపోతుంది.

సరఫరా సంగతి తేలిగ్గా తేల్చేయవచ్చు. తొలి రూపంలో ఎక్కువకాలం నిల్వ ఉంచాలంటే మైనస్ 20 డిగ్రీల చలి కావాలి. కరెంటు సరిగా ఉండని చోట ఇది లోపమే. తర్వాత వచ్చిన రోటావ్యాక్ 5డీ మామూలు టీకాల మాదిరిగా 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిలుస్తుంది. పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ వారి రోటాసిల్ అనే మరో రోటావైరస్ టీకా వేడిని మరింత బాగా తట్టుకుంటుంది కనుక పోటీ కూడా మంచే చేసింది.

సార్వత్రిక టీకాల కార్యక్రమంలో 2016లో మొదట చేరిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. టీకా పుట్టిన తెలంగాణ ఆ తొలి జాబితాలో లేదు. 2019 నాటికి ఈ టీకా దేశమంతా అందింది. 2018 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత (అంతర్జాతీయ సంస్థలు కొనవచ్చన్న ఆమోదం) ఇవ్వడంతో విదేశాలకూ దారి తెరుచుకుంది. పాలస్తీనాలో ఒక దాతృత్వ సంస్థ సాయంతో 2016లో వేరే కంపెనీ టీకాతో మొదలైన కార్యక్రమం 2018లో రోటావ్యాక్‌కు మారింది. ఒక దాత ధర దించితే, ఆ ధర వల్ల మరో దాత డబ్బు మరింతమంది పిల్లల దాకా వెళ్లగలిగింది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ, అంగన్‌వాడీ వద్ద టీకాల రోజునా ఈ చుక్కలు ఉచితమే. మీ జిల్లాలో రోటావ్యాక్ ఇస్తున్నారా, రోటాసిల్ ఇస్తున్నారా అన్నది ఏఎన్‌ఎంను అడిగితే చెబుతారు; వీలైతే మూడు విడతలూ ఒకే రకం వేయించడం మంచిది. మొదటి విడత బిడ్డకు ఏడాది నిండేలోగా పడాలి, ఆ తర్వాత మొదలుపెట్టరు.