గులాష్ వెంట బుడాపెస్ట్, సెగెద్: ఎక్కడ తిన్నాం, ఎక్కడ ఉన్నాం, ఇంట్లో ఎలా వచ్చింది

మ్యూనిక్‌లో ఆరేళ్ళుగా ఉంటున్నాం. ఆఫీసు క్యాంటీన్‌లో తినీ తినీ గులాష్ అంటే చిక్కటి మాంసం కూర అనే అనుకునేవాణ్ణి. మొన్న సెప్టెంబరులో మా ఆవిడా నేనూ దాదాపు 7 గంటలు రైల్లో కూర్చుని బుడాపెస్ట్ కెలెతి స్టేషన్‌లో దిగాక మొదటి పూటే ఆ నమ్మకం పోయింది. హంగరీలో గులాష్ అంటే సూప్! వాళ్ళు పలికేది "గుయాష్", ఆ మాటకి అర్థం పశువుల కాపరి. మైదానాల్లో మంద వెంట తిరిగేవాళ్ళు బోగ్రాచ్ అనే గుండిగని నిప్పు మీద వేలాడదీసి వండుకున్న వంట అది. నేను క్యాంటీన్‌లో తిన్న చిక్కటిదాన్ని వాళ్ళు పోర్కోల్ట్ అంటారు. ఈ తేడా తెలియక ఆకలి మీద ఒక గిన్నె సూప్ ముందు కూర్చుని బిక్కమొహం వేశాం.

ఆ మొదటి గిన్నె కూడా బాగోలేదు. టూరిస్టులు తిరిగే వీధిలో, బయట బొమ్మల మెనూ పెట్టి పిలిచే రెస్టారెంట్. ముక్క ఉడకలేదు, పైన ఎర్రటి నూనె తేలుతోంది, లోపల రుచి లేదు. బిల్లులో నీళ్ళకి, బ్రెడ్డుకి వేరే డబ్బులు, చివర సర్వీస్ చార్జీ. సర్వీస్ చార్జీ వేయడం అక్కడ మామూలే, మెనూలో చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, చూసుకోకపోవడం మా తప్పు. అది వేశాక మళ్ళీ టిప్పు కోసం నిలబడటం మాత్రం నచ్చలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఎట్కెజ్దె అనే రకం చోటికి వెళ్ళాం. మన మెస్ లాంటిదే అనుకోండి, పనిరోజుల్లో మధ్యాహ్నం మాత్రమే, చుట్టుపక్కల ఆఫీసులవాళ్ళు, పెద్దవాళ్ళు వచ్చి గబగబా తినిపోతారు. సూపూ ఇంకో ఐటమూ కలిపి రోజువారీ మెనూ ఉంటుంది, దాని ధర ముందురోజు ఒక్క గిన్నెకి పెట్టిన దాంట్లో సగం కాస్త దాటింది, అంతే. ఇంగ్లీషు రాదు, నవ్వరు, టేబుల్ మీద ఠపీమని పెట్టి వెళ్ళిపోతారు. అయినా గులాష్ అంటే ఏంటో అక్కడే తెలిసింది: పల్చగా, ఎర్రగా, చెంచాతో నొక్కితే విడిపోయే ముక్క.

బస విషయానికి వస్తే మొదటి రెండు రాత్రులు సెంటర్లో హోటల్, తర్వాత రెండు రాత్రులు ఏడో డిస్ట్రిక్ట్‌లో వంటగది ఉన్న ఫ్లాట్. హోటల్లో శుభ్రత, టిఫిన్ బ్రహ్మాండం, కానీ కొన్న మాంసం, మిరపపొడి పట్టుకుని ఏం చేసుకోవాలి? ఫ్లాట్‌లో లిఫ్ట్ లేదు, కింద బార్ల గోల అర్ధరాత్రి రెండింటిదాకా. తిండి కోసం వెళ్ళేవాళ్ళయితే నా ఓటు మాత్రం ఫ్లాట్‌కే, వీధి వైపు కాకుండా లోపలి ప్రాంగణం వైపు గది అడగండి.

సరుకులకి ఫోవామ్ తేర్ అనే కూడలి దగ్గరున్న గ్రేట్ మార్కెట్ హాల్, 1897లో తెరిచింది. కింద కూరగాయలు, మాంసం, సెల్లార్‌లో చేపలు, పచ్చళ్ళు, పైన బొమ్మలు, తిండి స్టాళ్ళు. ఆదివారం వెళ్ళకండి, మూసి ఉంటుంది. గులాష్‌కి ఎరుపు ఇచ్చే మిరపపొడి (పాప్రికా) అక్కడ ముద్దొచ్చే గుడ్డ సంచుల్లో అమ్ముతారు, మా ఆవిడ నాలుగు ఏరింది, ఒకటి ఉంచి మిగతావి వెనక్కి పెట్టించాను. మామూలు పొట్లం చవక, పైగా దాని మీద తేదీ కనిపిస్తుంది. ఎదెష్‌నెమెష్ అని ఉంటే తియ్యటిది, చీపోష్ అంటే కారం.

ఈ పొడికి పేరున్న ఊళ్ళు కలొచా, సెగెద్. మేం రైల్లో రెండున్నర గంటలు వెళ్ళి సెగెద్ చూసొచ్చాం. సలామీ, మిరపపొడి కలిపి ఒక మ్యూజియం ఉంది, చిన్నదే, గంట చాలు. విటమిన్ సి మీద పనికి 1937లో నోబెల్ అందుకున్న సెంట్-గ్యోర్గి అప్పట్లో ఈ ఊళ్ళోనే ప్రొఫెసర్, ఇక్కడి మిరపకాయల నుంచే దాన్ని పెద్దమొత్తంలో తీశాడు. గుంటూరువాణ్ణి కదా, మిరపకాయకి నోబెల్ అంటే ఛాతీ కొంచెం ఉబ్బింది.

డబ్బుకి అసలైన విలువ దొరికింది ఒకావిడ ఇంట్లో పెట్టిన కుకింగ్ క్లాసులో. ఆరుగురం, మూడున్నర గంటలు, తిండితో సహా. ఖరీదు ఎక్కువే, ఐనా మళ్ళీ వెళ్తాను. కిలో బీఫ్‌కి మూడు పెద్ద ఉల్లిపాయలు, పంది కొవ్వులో సన్నటి మంట మీద మగ్గాలి, ఎర్రబడకూడదు. తర్వాత గిన్నె పొయ్యి మీంచి దించేసింది! దించాకే మూడు చెంచాల పొడి వేసి కలిపి, వెంటనే మాంసం, కాసిని నీళ్ళు. ఆ పొడిలో చక్కెర ఉంటుంది, వేడి కొవ్వులో నిమిషంలో మాడి చేదెక్కుతుంది. మన షాజీరాకి చుట్టంలాంటి గింజలు, వెల్లుల్లి, బిరియానీ ఆకు వేసి గంటన్నర మూతపెట్టాలి. తర్వాత క్యారెట్, బంగాళాదుంప, ఒక టమాటా, నీళ్ళు. చిక్కదనానికి మైదా కలపనా అని ఒకతను అడిగితే ఆవిడ చూసిన చూపు! మైదా వేరే పనికి వాడింది, గుడ్డుతో గట్టిగా కలిపి, వేలి కొనతో గిల్లి గిల్లి సూప్‌లో వేయడానికి. వాటి పేరు చిపెట్కె, పేరులోనే గిల్లడం ఉంది. మా ఆవిడ బీఫ్ తినదని ముందే చెప్తే, తన కోసం మాంసం లేకుండా వేరే గిన్నెలో చేసింది. దాన్ని హమిష్ గుయాష్ అంటారట, అంటే దొంగ గులాష్.

ఇంటికొచ్చాక మొదటిసారి అలవాటు కొద్దీ పోపులో కారం వేసినట్టు పొయ్యి మీదే పొడి వేశాను, చేదు. రెండోసారి మటన్‌తో, పంది కొవ్వుకి బదులు నూనెతో, గిన్నె దించి చేశాను. గంటా నలభై నిమిషాలకి ముక్క మెత్తబడింది, రంగు సరిగ్గా వచ్చింది. మా ఆవిడ రెండు చెంచాలు తాగి, ఏమీ అనకుండా లేచి వెళ్ళి, ఊరి నుంచి అమ్మ పంపిన కారం డబ్బా తెచ్చుకుంది.